కిరాయినామా సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:
సదరు అగ్రిమెంటు తాలూకు స్టాంపు, రిజిస్ట్రేషను వగైరా ఖర్చులు యావత్తూ రెండవ పార్టీ వారే భరించుకొనవలెను.

అవతారిక:
అడ్వాన్సు పుచ్చుకుని, మాంసం, మేకులు, మోటారు, రాత్రి 10 దాటాక గేటు అనే చతుర్విధ పురుషార్థాలనూ ఉపదేశించిన ఇంటి ఓనరు, ఆ ఉపదేశాన్ని కాగితమ్మీద పెట్టే ఖర్చు ఎవరిదన్న సందేహం శ్రోతకు పుట్టకముందే తీర్చదలచి ఈ సూత్రం చెబుతున్నాడు. ఇది గద్యం. 100 రూపాయల స్టాంపు కాగితమే దీనికి ఛందస్సు.

ప్రతిపదార్థం:
సదరు అగ్రిమెంటు తాలూకు = 11 నెలలకు మాత్రమే రాసుకున్న ఈ కాగితానికి సంబంధించిన; స్టాంపు = సర్కారుకు చెల్లే సుంకమును; రిజిస్ట్రేషను = జరగబోని నమోదును; వగైరా = నోటరీ, టైపు, జిరాక్సు, బ్రోకరుగారి టీ మొదలగు; ఖర్చులు యావత్తూ = పైసా మిగలకుండ; రెండవ పార్టీ వారే = ఇల్లు లేనివారే; భరించుకొనవలెను = మారుమాటాడక కట్టవలెను.

తాత్పర్యం:
ఇల్లు నాది, ఖర్చు నీది.

విశేషాలు:
‘జరగబోని’ అన్నాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను మూలపాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి. అందుకని అంచు దాకా పోకుండా 12వ నెలను ముందే కోసిపారేసి జనం కాపురాలు చేస్తున్నారు. పంచాంగంలో ఎప్పుడో గానీ రాని క్షయమాసం అద్దిళ్లలో ఏటేటా వస్తుంది.

శంక: రిజిస్టరే చేయించని కాగితంలో ఆ ఖర్చు ప్రస్తావన ఎందుకు? సమాధానం: టైపు చేసినవాడి దగ్గరున్న పాత కాగితంలో అలాగే ఉంది. ఇంతకంటె ప్రబలమైన హేతువు లేదు.

మూలంలో లేనిది రాయనన్నాడు కాళిదాస కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి. తన ఊరు కొలిచారంలో ఆయనకు సొంతిల్లు ఉండి ఉంటుంది. మాకు చట్టంలోకి దిగక తప్పదు.

పూర్వపక్షం ఓనరుది: 1899 నాటి స్టాంపు చట్టం 29వ సెక్షను, వేరే ఒడంబడిక లేనప్పుడు లీజు స్టాంపు ఖర్చు కిరాయిదారుదేనంటోంది కదా! నిజమే. ఓనర్లందరూ అక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తారు. ఆ వెంటనే ఇంకో ఖండం ఉంది: లీజు తాలూకు జోడు ప్రతికయ్యే స్టాంపు ఖర్చు ఇంటివాడిది. అంటే అసలు కాగితం ఇంట్లో ఉండేవాడికి, జోడు ప్రతి ఇల్లిచ్చేవాడికి. ఎవరి కాగితానికి వారు కట్టుకోవాలని ఆ సెక్షను హృదయం. లోకంలో అసలు ఓనరు బీరువాలోకి పోతుంది, కిరాయిదారుకు జిరాక్సు దక్కుతుంది. జిరాక్సు చేతిలో పెట్టి అసలు ఖర్చు వసూలు చేయడం ఏ శాస్త్రంలోనూ లేదు.

ఇదంతా స్టాంపు సంగతి. రిజిస్ట్రేషన్ ఫీజు మాటకొస్తే, 1908 చట్టం 80వ సెక్షను దస్తావేజు దాఖలు చేసేటప్పుడే ఫీజు చెల్లింపబడవలెనంటుంది. కర్మణి ప్రయోగం, కర్త లుప్తం. మహారాష్ట్రవారు 1999 నాటి అద్దె చట్టం 55వ సెక్షనులో రిజిస్టరు చేయించే బాధ్యతను ఇంటివాడి నెత్తినే పెట్టారు. తప్పితే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కర్త దొరికాడు గదా అని అక్కడి కిరాయిదారులు సంతోషించారో లేదో, బాధ్యత వేరు, జేబు వేరు.

సిద్ధాంతం: స్టాంపు డబ్బు కట్టినవాడి చేతికే అసలు కాగితం రావాలి. ఫీజు చెరిసగం. గడువు తీరాక ఖాళీ చేయించడానికి ఓనరుకూ, తీరేదాకా కదలకుండా ఉండటానికి కిరాయిదారుకూ పనికొచ్చేది ఆ ఒక్క కాగితమే కనుక.

ధ్వని: వాచ్యార్థం ఫీజు, వ్యంగ్యార్థం ఇన్‌కంటాక్సు. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు హెచ్‌ఆర్‌ఏ కోసం ఓనరుగారి పాన్ నంబరు అడిగి చూడండి, ఏ రసం పుడుతుందో సహృదయులకే తెలుస్తుంది.

పాఠాంతరం: ‘ఉభయ పార్టీల వారు చెరిసగం భరించుకొనవలెను’. ఈ పాఠం టు-లెట్ బోర్డు ఆరు నెలలుగా వేలాడుతున్న ఇళ్ల ప్రతులలో మాత్రమే కనబడుతుంది.