వాల్ స్ట్రీట్ కూలితే చివ్వెంలకు నాలుగు మార్కులు

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలిన సంగతి సూర్యాపేట జిల్లా చివ్వెంలలో పదో తరగతి పిల్లవాడికి నోటికొచ్చు. కారణాలు ఆరు, ఫలితాలు అయిదు, నడుమ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. షేరంటే ఏంటని మాత్రం అడగకండి, అది 'ఇంపార్టెంట్'లో లేదు.

ఆ పతనం వెంట వచ్చిన మహా మాంద్యం మన గడపదాకా వచ్చిందని ఎవరు చెప్పాలి? 1930లలో ధాన్యం ధర పడిపోయింది, అప్పు మాత్రం దిగిరాలేదు. భూములు షావుకార్ల, దొరల చేతుల్లోకి పోయాయి. పదేళ్లు తిరిగేసరికి రెండో ప్రపంచ యుద్ధం, ధరలు రివ్వున లేచాయి. బూమ్! పండించినోడి గింజల్ని నిజాం సర్కారు లెవీ కింద కొలుచుకుపోయింది. దొర గాదెలోవి దొడ్డిదారిన చీకటి బజారుకు నడిచాయి. సూర్యాపేట తాలూకా జనం ఊరికే తిరగబడలేదు. పుస్తకాల్లో మాంద్యమూ ఉంది, తెలంగాణ సాయుధ పోరాటమూ ఉంది. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. వేర్వేరు పాఠాలు కదా, మర్యాద!

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు బారులు తీరాయి. ఎగువ మెట్ట ఊళ్లు బోర్లు వేసుకుంటూ, అవి ఎండితే పక్కనే ఇంకోటి వేసుకుంటూ పోయాయి. ఒకే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, ఒకే ఏడు, ఒకరికి బూమ్, ఒకరికి కరువు. ఇది ఏ యూనిట్ కిందికి వస్తుందో విద్యాశాఖవారే సెలవియ్యాలి.

అంత వెనక్కి వద్దా? 2019 చివర్లో గోదావరి నీళ్లు శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాలువల్లో సూర్యాపేట జిల్లాకు వచ్చాయి. 2024 ఎండాకాలానికి జిల్లాలో ఎండిన వరిలో పశువులు మేశాయి. పిల్లవాడు అయిదో తరగతి నుంచి పదికి వచ్చేలోపే ఒక బూమ్-కరువు చక్రం తిరిగింది. వాడు మాత్రం 1929నే బట్టీ కొడుతున్నాడు.

ఆ బట్టీ మాన్పించి పిల్లల్ని దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు తోలుకుపోయి, గాజుల అంగడి అవ్వను "పోయిన జాతరకు బేరమెట్లుండె?" అని అడిగించండి. కొనుగోలు శక్తి అంటే ఏంటో నాలుగు ముక్కల్లో చెబుతుంది. తర్వాత హైవే పక్కన తెల్లరాళ్లు పాతిన రియల్ ఎస్టేట్ వెంచర్ చూపించి, "ఇక్కడ పోయిన పంట ఎవరిది, పెరిగిన ధర ఎవరిది?" అని పరీక్షలో అడగండి.

అడగరు. జవాబు గైడులో లేదు. పైగా పేపర్ తయారుచేసే సారుకు ఆ వెంచర్లోనే రెండు ప్లాట్లున్నాయి, ఒకటి ఈశాన్యం బిట్టు.