మెట్లు పీకిన గిటారు

మా మనుమడు హైదరాబాద్‌ల మెటల్ బ్యాండ్ల బేస్ గిటారు వాయిస్తడు. మొన్న సంకురాత్రికి ఊరికొస్తే చూసిన, దాని మెడ మీద మెట్లే లేవు, పలక లెక్క నున్నగున్నది. "ఇది ఫ్రెట్‌లెస్ తాతా. ఫ్లోరిడాల పెరిగిన జాకో పాస్టోరియస్ మెట్లు పీకేసి, పడవలకు పూసే ఎపాక్సీ పూసుకున్నడు. 1976ల ఆయన మొదటి ఆల్బమ్ వచ్చినంక బేస్ వాయించే తీరే మారింది" అన్నడు. 1993ల డెత్ అనే మెటల్ బ్యాండ్ల స్టీవ్ డి జార్జియో అసొంటి బేసే వాయించిండట. ఆ బ్యాండు పాట ఒకటి వినిపించిండు. డ్రమ్ముల రొద నడుమ బేస్ జారుకుంట పోతాంటే మనిషి మూలిగినట్టే ఉన్నది. బాగున్నది, కాదనను.

మరి పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యది ఏ ఊరురా అంటే నోరు మెదపలే. అవుసలికుంట. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా గని, 2016 దాంక మన పాలమూరే. సముద్రం అవుతలి మనిషి పేరు నోటికున్నది, పక్క ఊరి మనిషి తెల్వదు!

మా రోజులల్ల కిన్నెర దుకాణంల దొరికేది కాదు, వాయించెటోడే చేసుకునేది. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురుబొంగు, తేనెమైనంతోటి అతికించిన మెట్లు. ఎండలకు మైనం మెత్తబడి మెట్టు జరిగితే, చెవి దగ్గర పెట్టుకొని, తీగ మీటుకుంట మళ్ల నిలబెట్టేది. సుతి కుదిరినంకనే పండుగ సాయన్న కథ ఎత్తుకునేది. ఉన్నోళ్ల దగ్గర గుంజి లేనోళ్లకు పంచిన సాయన్న ఆ తీగల మీద నడిచొచ్చేటోడు. మా అవ్వ చాటల జొన్నలు పట్టుకొని నిలవడేది, కథ ఒడిసెదాంక పొయ్యకపోయేది. ఇప్పటి పోరగాళ్లు మూడు నిమిషాల పాటను సగంల ఆపి ఇంకోటి పెడుతరు. ఫోన్ల ట్యూనర్ పచ్చగ వెలిగితేనే తీగ సరిగున్నదంటరు.

2021ల భీమ్లా నాయక్ సినిమా పాట మొగిలయ్య గొంతుతోటే మొదలైంది. 2022ల పద్మశ్రీ వచ్చింది. 2024ల అదే మనిషి హైదరాబాద్ అవుతల తుర్కయంజాల్‌ల కూలిపనికి పోయే వీడియో చూసిన. ఆ రాత్రి అన్నం సయించలే. మనుమనికి చెప్తే శానసేపు ఉలకలే పలకలే. "జాకో కూడ చివరికి పార్కులల్ల పండుకున్నడు తాతా. 1987ల పోయిండు, 35 ఏండ్లకే" అన్నడు.

ట్యూనర్ బందు పెట్టి వాయించురా అన్న. మెట్లు లేని మెడ మీద వేలు వెంట్రుకంత జరిగినా సుతి తప్పుతది. వాడు రెండుసార్లు తప్పిండు. మూడోసారి కండ్లు మూసుకొని పట్టుకున్నడు. నాకు గుర్తున్నకాడికి సాయన్న కథ వరుస ఎత్తుకున్న. వాని బేస్ కిందికెళ్లి మెల్లగ వచ్చి నా గొంతును అందుకున్నది. వాకిట్ల పెద్దోళ్లు ఇద్దరు ముగ్గురు జమైండ్రు. అందుల ఒకాయన, "ఇంకొంచెం పాడు" అన్నడు.