శంషాబాద్ సందేశం (టీకా తాత్పర్య సహితం)

మూలం: "అమ్మా ఎక్కేశా. దుబాయిలో మారతా. రేపు పొద్దున దిగి ఫోన్ చేస్తా."

అవతారిక: సంక్రాంతికి వచ్చి తిరిగి డాలస్ పోతున్న పుత్రుడొకడు, జనవరి రాత్రి 9:50 విమానంలో బెల్టు పెట్టుకుంటూ తల్లికి వాట్సాప్‌లో పంపిన వచనమిది. మాటలు తొమ్మిదే. చిక్కులు అంతకంటే ఎక్కువ.

ప్రతిపదార్థం: అమ్మా = ఓ తల్లీ (వెనుకనుండి నాన్నగారును చదువుదురని ఎరిగియు); ఎక్కేశా = విమానము నెక్కితిని, ఆవకాయ సీసాకు తూకము కడ గండము గడచెనని ధ్వని; దుబాయిలో మారతా = అచట వేరొక విమానము నెక్కుదును (బుద్ధి మారునని అమ్మమ్మ చెప్పిన అర్థము అగ్రాహ్యము); దిగి = దిగి, ఇమ్మిగ్రేషన్ వరుసలో నిలిచి, పెట్టె వచ్చువరకు వేచి, అని అధ్యాహారము; ఫోన్ చేస్తా = స్పష్టము. 'రేపు పొద్దున' సంగతి తరువాత.

శంక: తిన్నగా పోక దుబాయి ఏల?

సమాధానం: హైదరాబాదు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, డాలస్ 97 డిగ్రీల పడమర దగ్గర. కలిపితే 175. అంటే దాదాపు గ్లోబుకు చెరో పక్క. రెంటి మధ్యా దారం బిగించి లాగితే అది ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది, పొడవు దగ్గర దగ్గర 14,400 కిలోమీటర్లు. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపేవాణ్ణి వెక్కిరిస్తాం గానీ, ఇక్కడ నడినెత్తి మీదుగా పోవడమే దగ్గర దారి. అయితే ఆ దారిన నేరుగా పోయే విమానం లేదు. దుబాయికి 2,550, అక్కణ్ణుంచి డాలస్‌కు 12,900. వెరసి వెయ్యి కిలోమీటర్లు చుట్టు. మేఘసందేశంలో యక్షుడు కూడా వంకర దారైనా సరే, ఉజ్జయిని చూసే పొమ్మన్నాడు కదా! ఆ కావ్యానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆయనుంటే ఈ ఘట్టంలో డ్యూటీ ఫ్రీ దుకాణాలకు రెండు పుటలు కేటాయించేవాడు. మేఘుడు ఉజ్జయినిలో మేడలు చూశాడు. మనవాడు వెతికేది ఛార్జింగ్ పాయింటు.

ఇక 'రేపు పొద్దున'. ఇది శ్లేష. ఎవరి పొద్దున? తల్లి గ్రహించే అర్థం ఐదు గంటలు, పాలప్యాకెట్ వచ్చే వేళ. ఆమె లేచి కళ్లజోడు వెతుక్కుని ఫోన్ చూసేసరికి, రెండో విమానం దుబాయిలో లేచి గంట కూడా కాదు. కవి హృదయం డాలస్‌లో ఉదయం 8:40. అప్పుడు హైదరాబాదులో రాత్రి 8:10, కుక్కర్ మూడో కూత. టిక్కెట్టేమో రాత్రి 9:50 బయల్దేరి ఉదయం 8:40కి చేరినట్టు చూపిస్తుంది. చూసినవాడు విశాఖ రైలనుకోవాలి! నిజానికి నాలుగు గంటలు ఎగిరి, రెండు గంటల ఇరవై నిమిషాలు ఆగి, మళ్లీ పదహారు గంటలు ఎగరాలి. మొత్తం 22 గంటల 20 నిమిషాల్లో పదకొండున్నర గంటలను గడియారాల తేడా మింగేసింది. (వేసవిలో డాలస్ వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుకుంటారు, అప్పుడు పదిన్నరే మింగుతుంది.) తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనకనుంచి తోసి గంటకు పైగా మిగులుస్తాయి. ఆ సందేశం వచ్చినప్పుడు దానికి వేరే టీక.

తాత్పర్యం: అమ్మా, రేపు రాత్రి దాకా ఫోన్ చూడకు.

తల్లి ప్రత్యుత్తరం: "తిన్నావా?"

వ్యాఖ్య: సుగమము.