చరణం దాకా రాని పాట

పాటలు వినేవాళ్ళు ఒక రకం. పాటలు వినిపించే పెట్టెను తయారుచేసేవాళ్ళు ఇంకో రకం. మూర్తిది రెండో రకం. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటుకొక మూర్తి ఉంటాడు.

ఆ ఇంటిని ఇట్టే గుర్తుపట్టొచ్చు. టీవీ పక్కన రాస్ప్‌బెర్రీ పై బోర్డు, దాని నెత్తిన డిజిటల్ పాటని శబ్దంగా మార్చే డాక్ బోర్డు, చుట్టూ వైర్లు. డబ్బాకి మూత ఉండదు. "మూత పెట్టవేం?" అంటే "మళ్ళీ తియ్యాలిగా" అంటాడు.

మూర్తి దగ్గర ఉన్నవన్నీ నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్ళే. ఎంపీత్రీ అన్న మాట ఆ ఇంట్లో వినిపించకూడదు. సీడీకి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ చాలు. మూర్తికి 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ కావాలి. వినేది మాత్రం 1950ల నాటి ఘంటసాల.

విండోస్ వాడేవాళ్ళంటే మూర్తికి జాలి. "యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2కి వాళ్ళకి 2017 దాకా సొంత డ్రైవరే లేదు. మా లినక్స్‌లో అంతకు ఏళ్ళ ముందే ఉంది" అంటాడు.

"మరి మీది మోగట్లేదేం?"

"నా డాక్ డ్రైవరు బంగారం. నిన్న కెర్నల్ మార్చాను, అంతే."

ఆ బంగారాన్ని మూర్తి స్వయంగా కంపైల్ చేసుకున్నాడు. కెర్నల్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ కంపైల్ చెయ్యాలి. కెర్నల్ ఎందుకు మార్చావని అడగకూడదు. కొత్తది వచ్చింది కాబట్టి మార్చాడు.

2023లో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ కొత్త వెర్షన్ బుక్‌వర్మ్ వచ్చాక కాన్ఫిగ్ ఫైలు బూట్ ఫోల్డరులోంచి దాని లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డరులోకి మారింది. ఇక్కడ ఏమీ మార్చొద్దు, ఫలానా చోటికి వెళ్ళమని పాత ఫైల్లో స్పష్టంగా రాసుంది. మూర్తి ఆ రాతకి సరిగ్గా కిందే డాక్ పేరు చేర్చి, శని, ఆదివారాలు రెండూ డాక్‌ని తిట్టాడు.

పరీక్షకి మూర్తి వాడేది ఒకటే పాట. వాయిద్యం అయి, పల్లవి ఎత్తుకోగానే "ఆఁ, బాస్ చూశారా?" అని ఆపేసి సెట్టింగుల్లో దూరతాడు. ఆ పాటకి చరణాలున్నాయన్న సంగతి పిల్లలకి ఇంతవరకు తెలీదు.

తల్లిగారు మాత్రం పొద్దున్నే సుప్రభాతం ఒక్కటి వినిపించమన్నారు. మొదటిరోజు బ్రహ్మాండంగా మోగింది. కరెంటు పోయివచ్చిన మర్నాడు నిశ్శబ్దం. మూర్తి తెల్లవారుజామునే లేచి కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"సౌండు కార్డులకి నంబర్లుంటాయమ్మా. ముందు కనబడినదానికి సున్నా, తరవాతదానికి ఒకటి. నేను సున్నాకి పంపమన్నాను. ఇవాళ హెచ్‌డీఎంఐ ముందు లేచి సున్నా అయింది. సుప్రభాతం ఆపేసున్న టీవీలోకి పోయింది."

"వాటికి పేర్లు లేవా?"

"ఉన్నాయి."

"మరి పేరు పెట్టి పిలవక, నంబర్లేమిట్రా? జైలా?"

మూర్తి నోరు మెదపలేదు. నంబరు తీసేసి కార్డు పేరు రాశాడు. ఆ తరవాత ఎన్నిసార్లు కరెంటు పోయినా సుప్రభాతం ఆగలేదు.

ఇల్లంతా సంతోషించింది, మూర్తి తప్ప. అన్నం సరిగ్గా తినడు. పాట మోగుతుంటే పనిలేని మనిషిలా చూస్తూ కూచుంటాడు. నాలుగో రోజున మొహం వెలిగింది. లాప్‌టాప్ తెచ్చుకున్నాడు.

"ఒరే నాయనా, బానే వినబడుతోందిరా. బాగుచెయ్యకు!" అని ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చారు.

"కొత్త కెర్నల్ వచ్చిందమ్మా" అన్నాడు మూర్తి, ఎంటర్ నొక్కేసి.