మా రోజుల్లో ఆట టేపులో ఉండేది

ఏమర్రా కుర్రాళ్లూ, మీరాడే ఆటలు ఎక్కడుంటాయో మీకేమైనా తెలుసా? ఫోన్లో ఉన్నాయంటారు. ఫోన్లో లేవు. ఊరూ పేరూ తెలియని ఏదో సర్వర్లో ఉంటాయి. అవతలివాడు స్విచ్చి కట్టేసిన రోజున, మీరు డబ్బు పోసి కొన్న ఆట మీ చేతుల్లోనే చచ్చి ఊరుకుంటుంది. యూబీసాఫ్ట్ వాళ్ల 'ది క్రూ' 2024 మార్చి 31న అలాగే పోయింది. సోనీ వాళ్ల 'కాన్‌కార్డ్' సంగతి మరీ అన్యాయం. అదే ఏడాది ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6 కల్లా మూసేశారు. మా వైపు పిల్ల పుడితే బారసాల కూడా అవదు ఆ పాటికి. ఇదంతా మీకు మామూలే. ఒకటి పోతే ఇంకోటి దించుకుంటారు.

మా రోజుల్లో ఆట టేపులో ఉండేది. చేతిలో పట్టుకుంటే బరువు తెలిసేది, అట్ట మీద పెన్నుతో రాసిన పేరుండేది. అది మాదే. పాడైతే మేమే ఏడ్చేవాళ్లం, బాగైతే మేమే ఆడుకునేవాళ్లం, మధ్యలో ఇంకెవడూ ఉండేవాడు కాదు.

1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అని ఒక పథకం మొదలుపెట్టింది. ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి ముందు ఓ 250 బళ్లకి ఇంగ్లండు వాళ్ల బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చాయి. తర్వాత ఇంకా చాలా బళ్లకి వెళ్లాయి. విజయనగరం దగ్గర నేను లెక్కలు చెప్పే బడికీ వచ్చాయి. గదికి తాళం వేసి, చెప్పులు బయట విడిపించి, పిల్లల్ని వరసలో లోపలికి పంపేవాళ్లం. ఆ మెషిన్ జ్ఞాపకశక్తి మొత్తం 32 కిలోబైట్లు. పొద్దున్నే మీరు నాకు పంపే ఒక్క గుడ్ మార్నింగ్ బొమ్మ అందులో పట్టదు. అందులోనే పాఠాలు నడిచేవి, అందులోనే ఆటలు నడిచేవి.

మా గుంటల్లో ఒకడు దాని మీద సిరిమాను ఆట రాశాడు. మీరు విన్నది నిజమే, మా విజయనగరం పైడితల్లమ్మ జాతరలో తిరిగే సిరిమానే. మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా మాను తిరుగుతుంటే, దాని కొస మీద కూర్చున్న పూజారి వైపు జనం అరటిపళ్లు విసురుతారు కదా, ఆ ఆట. ఆ మెషిన్లో బాగా రంగులొచ్చే తెర పెడితే 20 కిలోబైట్లు అదే తినేస్తుంది, ఇక ప్రోగ్రాముకి చోటేదీ? అందుకని వాడు మోడ్ 5 అని తక్కువ జాగా తినే తెర పెట్టుకున్నాడు. దానికి నాలుగే రంగులు: నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు. నల్లటి రాత్రి, ఎర్రటి మాను, పచ్చటి అరటిపళ్లు, తెల్లబట్టల పూజారి. వాడికి కావలసినవి సరిగ్గా ఆ నాలుగే. మీ ఆటల్లో కోట్ల రంగులున్నాయి, ఒక్కటైనా కంటికి ఆనుతోందా?

మాను ముందు నడిచే తెల్ల ఏనుగు, పాలధార, అంజలి రథం కూడా పెడదామని వాడి కోరిక. ఏనుగు దగ్గరికొచ్చేసరికి తెర మీద 'నో రూమ్' అని పడింది. "మాస్టారూ, జాగా నేదంటంది," అని నా మొహం చూశాడు. మిగతాదంతా రూళ్ల పుస్తకంలో గీసుకున్నాడు. ఏనుగు ఎటునుంచి రావాలో, మాను ఎన్నిసార్లు తిరిగితే ఆట అవుతుందో, పండు తగిలితే ఎన్ని పాయింట్లో. ఆ తర్వాత పరీక్షలొచ్చాయి, వాడు పైచదువుకి వెళ్లిపోయాడు, ఆట అక్కడే ఆగింది. బడి మెషిన్లని కొన్నేళ్లకి కిలోల లెక్కన పాత సామాన్లవాడికి తూచేశారు. టేపు మాత్రం నా దగ్గర మిగిలింది.

"పూర్తి కాని ఆటని దాచి ఏం లాభం తాతయ్యా?" అంటాడు మా మనవడు. విజయనగరంలో పుట్టినవాడు అడగవలసిన ప్రశ్నేనా ఇది! గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కం 1892లో ఈ ఊళ్లోనే ఆడించారు, 1897లో అచ్చువేశారు, 1909లో తిరగరాసి మళ్లీ అచ్చువేశారు. మొదటిది పారేసి ఉంటే ఆ మహానుభావుడు ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో మనకెలా తెలిసేది? కొండుభట్టీయం, బిల్హణీయం ఆయన పూర్తిచెయ్యకుండానే 1915లో పోయారు. సగం నాటకాలని వాటిని ఎవరూ పొయ్యిలో పెట్టలేదు. భద్రంగా అచ్చేశారు, మేం చదువుకున్నాం. రాసినవాడి బుర్ర ఎలా పనిచేస్తుందో పూర్తయిన నాటకం కంటే సగంలో ఆగిన నాటకమే ఎక్కువ చెబుతుంది. ఆటకైనా అదే మాట.

ఆ సంగతి తెల్లవాళ్లు కొందరు మనకంటే ముందు గ్రహించారు. లివర్‌పూల్లో ఇమాజిన్ అనే కంపెనీ 'బాండర్‌స్నాచ్', 'సైక్లాప్స్' అని రెండు మహా ఆటలు తెస్తున్నామని పత్రికల నిండా ప్రకటనలు గుప్పించింది. 1984 జులైలో కంపెనీ దివాలా తీసింది. బీబీసీ వాళ్లు ఏదో డాక్యుమెంటరీ తీద్దామని వెళ్లి, ఆ కూలిపోవడమంతా కెమెరాలో పట్టుకున్నారు. మీరు 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో చూశామని గొప్పలు పోయే 'బాండర్‌స్నాచ్' పేరు వెనక ఉన్న కథ ఇదేనర్రా. అల్టిమేట్ అనే ఇంకో కంపెనీ వాళ్ల 'అండర్‌వర్ల్డ్' ఆటలో బయటికి పోయే దార్లు మూడు, ఒక్కో దారి ఒక్కో రాబోయే ఆట పేరు చెప్పేది. రెండు ఆటలు వచ్చాయి. మూడోది 'మైర్ మేర్', అది రానే లేదు. నలభై ఏళ్లయింది, ఆ దారి అలాగే తెరిచి ఉంది. ఫ్రాంక్ గాస్కింగ్ అనే ఆయన ఇలా వెలుగు చూడని ఆటల కోసం పాత ప్రోగ్రామర్లని వెతికి, వాళ్ల అటకల మీది టేపులు, ఫ్లాపీలు దింపించి, ఏళ్ల తరబడి పోగుచేశాడు. 2020లో వాటి మీద ఇంత లావు పుస్తకం వేశాడు.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. 1086లో ఇంగ్లండు రాజు విలియం దేశమంతా లెక్క కట్టించి డోమ్స్‌డే పుస్తకం రాయించాడు. తొమ్మిది వందల ఏళ్ల పండక్కి, 1986లో, అలాంటిదే బీబీసీ మైక్రో వంశపు కంప్యూటర్ మీద లేజర్ డిస్కుల్లో చేశారు. పది లక్షల మందికి పైగా అందులో చెయ్యి వేశారు. 2002 నాటికి ఆ డిస్కుల్ని చదివే మెషిన్లు కరువై, దాన్ని బతికించడానికి పరిశోధకులు నానా యాతనా పడవలసి వచ్చింది. తోలు మీద సిరాతో రాసిన 1086 నాటిది మాత్రం నిక్షేపంగా ఉంది. మన తాటాకులూ అంతే. ఈ అయస్కాంతం టేపులకి అంత ఆయుష్షు లేదు. పైగా మనది సముద్రపు గాలి. భీమిలి నుంచి కళింగపట్నం దాకా ఏ ఇంటి బీరువా తెరిచినా టేపు మీద తెల్ల బూజు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు కొట్టినప్పుడు కొబ్బరీ జీడీ పోయాయని అందరూ ఏడ్చారు, ఏడవాలి కూడా. ఇళ్లలో నానిపోయిన పెట్టెల్లో ఏమేం పోయాయో ఎవరైనా లెక్క రాశారా?

ఇంత తిట్టాక ఒక్క మంచిమాట చెప్పకపోతే అన్యాయం. నా దగ్గరున్న టేపుని బతికించింది ఈ కాలపు కుర్రాడే, నా పాత శిష్యుడి కొడుకు. మా రోజుల్లో టేపు చదవకపోతే తెర మీద 'డేటా?' అనీ, 'రివైండ్ టేప్' అనీ పడేది, మేం తిప్పీ తిప్పీ విసిగిపోయేవాళ్లం. ఈ కుర్రాడు సన్న స్క్రూడ్రైవర్‌తో టేప్ రికార్డర్ హెడ్ పక్కనున్న మరని పిసరంత తిప్పుతూ, ఆ కీచు శబ్దం ఎక్కడ తేటపడుతుందో చెవితో పట్టుకున్నాడు. సున్నకి 1200, ఒకటికి 2400 హెర్ట్జ్, అంతే దాని భాష. ఒక్కో బ్లాకూ ఎక్కుతూ వచ్చి, లాప్‌టాప్ తెర మీద ఎర్ర మాను ఊగింది. బీబీసీ మైక్రో నటించే ప్రోగ్రాము ఉంటుందట, ఎమ్యులేటర్ అంటారు. అసలు మెషిన్ మీద ఆడినంత సుఖం లేదు, మీటల చప్పుడే లేదు. అయినా ఆడింది.

కాబట్టి అటక ఎక్కండి. మీ నాన్నవో, మామయ్యవో, కంప్యూటర్ నేర్చుకున్న రోజుల నాటి టేపులూ, ఫ్లాపీలూ ఉంటాయి. పాటల టేపనుకుని పారేయకండి, కీచుమంటే అది ప్రోగ్రామే. బూజు కనిపిస్తే తుడవకుండా మెషిన్లో పెట్టొద్దు, ఆ బూజు మిగతా టేపులకీ అంటుకుంటుంది. హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. టేపుని ఒకసారి ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాకే వాయించండి. రికార్డు చేసేటప్పుడు వేవ్ ఫైల్లోనే చెయ్యండి, ఎంపీత్రీలో చెయ్యొద్దు. మీ ఎంపీత్రీ చెవికి పనికిరాదనుకున్నదంతా కత్తిరించేస్తుంది, మెషిన్‌కి కావలసింది అందులోనే ఉండొచ్చు. రెండు చానెళ్లూ ఉంచండి, ఒకటి చెడితే రెండోది పనికొస్తుంది. అట్ట మీది రాతని ఫోటో తీయండి. మా వాడిదిలాంటి రూళ్ల పుస్తకం దొరికితే ప్రతి పేజీ తీయండి, ఖాళీ పేజీలతో సహా. రాసినవాడు బతికుంటే ఈ వారమే వెళ్లి అడగండి, ఏనుగు ఎటునుంచి రావాలని అనుకున్నాడో.