పడవ ఎటు పోతున్నట్టు?

‘జనం అంత గమనించరండీ’ అన్న ముక్క మన సినిమావాళ్లకు ఆంజనేయ దండకం. కంటిన్యుటీ తప్పిందని ఎవరైనా అంటే చాలు, పారాయణం మొదలు. ఆ దండకాన్ని ఒకసారి గోదావట్లో ముంచి చూద్దాం. రాజమండ్రి నుంచి భద్రాద్రికి లాంచీ కట్టడం 1973 నాటి ‘అందాల రాముడు’ నుంచీ మనకు అలవాటే; 2006లో ‘గోదావరి’ కూడా అదే దారి పట్టింది. ప్రయాణం ఏటికి ఎదురు. కెమెరాని పోలవరం గట్టున పెడితే తెర మీద లాంచీ కుడి నుంచి ఎడమకు పోతుంది. అవతల దేవీపట్నం ఒడ్డున పెడితే ఎడమ నుంచి కుడికి. రెండూ నిజాలే. కానీ చెప్పాపెట్టకుండా ఒకదానికొకటి అతికించారో, ఒకప్పటి ఖమ్మం జిల్లా పేరంటాలపల్లి చేరాల్సిన పెళ్లివారు తాళిబొట్టు మరిచిపోయినట్టు రాజమండ్రికి తిరుగుముఖం పడతారు. కెమెరా గీతకు ఒకే పక్కన ఉండాలన్న నియమానికే 180 డిగ్రీల సూత్రమని బరువైన పేరు. నవమినాడు తలంబ్రాలు చూడబోయిన ముత్తయిదువకు ఆ పేరు తెలియకపోవచ్చు. మండపానికి ఎటు కూచుంటే సీతమ్మ ఎటు కనిపిస్తుందో మాత్రం తెలుసు. డ్రోన్ వచ్చాక ఈ చాదస్తం ఎందుకంటారా? డ్రోన్ నది దాటేటప్పుడు చూసేవాణ్ని కూడా మోసుకుపోతుంది. కత్తిరింపు మాత్రం వాణ్ని రేవులోనే వదిలేస్తుంది.

జనం గమనించరన్న ఈ ధీమా అడవిలో మరీ ఎక్కువ. పాల్వంచ దాటాక మోడువారిన టేకు కింద, ఇప్పపువ్వు రాలే రోజుల్లో హీరో ప్రశ్న వేస్తాడు. డేట్లు కుదిరాక, శ్రావణమాసంలో, తెల్లటి పూగుత్తులు నెత్తికెత్తుకున్న అదే టేకు కింద హీరోయిన్ జవాబిస్తుంది. మధ్యలో గడిచింది రెప్పపాటట! ఇప్పపువ్వు ఏరే కోయ ఇల్లాలు చెట్టును చూసి నెల చెప్పగలదు. ‘జనం’ లెక్కలో ఆమెను వేసినట్టు లేదు.

‘మరి “పుష్ప”లో మారేడుమిల్లి శేషాచలం అయి కూచోలేదా? రాయలసీమ గుట్టల్లో పెరిగే ఎర్రచందనం ఈ పచ్చటి మన్యంలోకి ఎలా వచ్చిందని ఎవరడిగారు?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. 1920 ప్రాంతంలోనే రష్యన్ దర్శకుడు కులెషోవ్ మాస్కో వీధిలో కలుసుకున్న జంటకు ఒక్క అతుకుతో వాషింగ్టన్ వైట్‌హౌస్ చూపించాడు. ఊరి పేరు మార్చడం సినిమాకు పుట్టుకతో వచ్చిన హక్కు. ఆ అబద్ధాన్నే చివరిదాకా ఒకే మాట మీద ఆడాలి, అంతే. ఇక ఆఖరి అస్త్రం జపాన్ నుంచి వస్తుంది: ‘దర్శకుడు ఓజు ఆ 180 డిగ్రీల గీత దాటలేదా?’ దాటాడు, సినిమా తర్వాత సినిమాలో, ఒక పద్ధతి పెట్టుకుని మరీ దాటాడు. మనవాళ్లు దాటేది ఇవతలి ఒడ్డున ఎండ ఎక్కువైందని.