4,100 రూపాయలకో ఎడిసన్

సాయంత్రం పూట సికింద్రాబాద్ సంగీత్ చౌరస్తాలో పావుగంట నిలబడితే చాలు, మన విజ్ఞానశాస్త్రం ఎంత ముందుకు పోయిందో తెలిసిపోతుంది. (సంగీత్ థియేటర్ ఎప్పుడో పోయింది, చౌరస్తాకు పేరు మిగిలింది.) ఊరి చివరి ఇంజినీరింగ్ కాలేజీల నుంచి తిరిగొచ్చే బస్సుల వెనక ఒకప్పుడు క్యాంపస్ ప్లేస్‌మెంట్ల లెక్కలు ఉండేవి. ఉద్యోగాల సంగతి చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉందేమో, ఆ జాగాలోకి పేటెంట్లు వచ్చాయి. 'మా అధ్యాపకుల పేటెంట్ల పంట' అని ఓ బస్సు, కింద టైలు కట్టుకున్న వరసెడు ఫొటోలు. ఎడిసన్ బతుకంతా ప్రయోగశాలలో గడిపి అమెరికాలో 1,093 పేటెంట్లు పోగేశాడు. మనవాళ్లకు అంత తీరికెక్కడిది? కాలేజీకి గుర్తింపునిచ్చే నాక్ బృందం వచ్చేలోపు కానిచ్చేయాలి.

ఇందులో మాయా లేదు, మర్మమూ లేదు. పేటెంటుకు దరఖాస్తు పెట్టడం వేరు, అది ప్రచురితం కావడం వేరు, మంజూరు కావడం వేరు. దరఖాస్తు పెట్టిన 18 నెలలకు పేటెంట్ ఆఫీసు తన జర్నల్‌లో దాన్ని అచ్చేస్తుంది. సరుకు చూసి కాదు, గడువు తీరింది గనక. అంత ఓపిక లేనివాళ్లు ఫారం-9 పెట్టుకుంటే నెలలో పని అయిపోతుంది. 2021 నుంచి విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం రాయితీ కూడా ఇచ్చారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తుకు 1,600, తొందరపడి అచ్చేయించుకోవడానికి 2,500. వెరసి 4,100 రూపాయలు. పేజీలు 30, క్లెయిములు 10 దాటితే అదనం. ఫ్లెక్సీ ఖర్చు ఎటూ తప్పదు. కేంద్రం వారి ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మంజూరైన పేటెంట్లతో పాటు వట్టినే ప్రచురితమైనవాటికీ మార్కులున్నాయి. ఇక మంజూరు కోసం కాళ్లరగదీసుకునే అమాయకుడెవడు?

మా పద్మారావు నగర్ వీధిలో ఓ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉన్నారు. ఆ బస్సు మీద ఆయన ఫొటో చూసి అభినందించాను.

"పేటెంట్ వచ్చిందటగా సార్, దేనికి?"

"గొడుక్కండీ."

"గొడుగు పాతదే కదా?"

"ఇది స్మార్ట్ గొడుగండీ. పిడిలో టార్చి, పైన చిన్న ఫ్యాను, మధ్యలో బ్లూటూత్ స్పీకరు. ఏఐ కూడా ఉంది."

"ఏఐ ఏం చేస్తుంది?"

"అది టైటిల్లో ఉందండీ."

కనిపెట్టింది ఎనిమిది మందట. ఈయన ఐదో ఆవిష్కర్త. నాలుగో ఆయన్ని ఈయన ఇంతవరకు చూడలేదు. వాట్సాప్ గ్రూపులో పేర్లు అమ్ముతారు, మొదటి పేరుకో రేటు, చివరి పేరుకో రేటు. చట్టం మాత్రం పాతకాలపు మనిషిలా 'నిజమైన, మొదటి ఆవిష్కర్త' ఎవరని అడుగుతుంది.

1970 పేటెంట్ల చట్టం అడిగేవి ఇంకా ఉన్నాయి. వస్తువు గానీ తయారీ పద్ధతి గానీ ఎక్కడా లేనంత కొత్తదా? ఆ విద్య తెలిసినవాడికి ఇట్టే తట్టనిదా? పరిశ్రమలో పనికొస్తుందా? వీటిలో 'కొత్తదా' అన్నదానికి మన గొడుగు దగ్గర ముందే జవాబుంది: దరఖాస్తుకు నెల ముందే కాలేజీ ఎక్స్‌పోలో ఊరందరికీ చూపించి, యూట్యూబ్‌లోనూ పెట్టారు. తన గుట్టు తనే బయట పెట్టుకున్నవాడికి చట్టం దాదాపుగా తలుపు వేసేస్తుంది. ఆ గండం గడిచినా సెక్షన్ 3(ఎఫ్) కాచుకుని ఉంది. తెలిసిన సాధనాల్ని పక్కపక్కన పేర్చితే, దేని పని అది చేసుకుంటుంటే, అది ఆవిష్కరణ కాదు. స్పీకర్ పాడుతుంది, గొడుగు వాన ఆపుతుంది. పాట వల్ల వాన ఓ చుక్కయినా తగ్గి ఉంటే అప్పుడు ఆలోచించేవాళ్లు.

అసలు ఆ మూడో సెక్షన్ చదవడం మొదలుపెడితే సికింద్రాబాద్‌లో సగం మంది మేధావులకు నిద్ర పట్టదు. ఇరానీ చాయ్‌లో ఇంకో దినుసు కలిపితే 3(ఇ), వట్టి కలయిక. రమ్మీలో కొత్త ఎత్తు 3(ఎం). చిట్టీల స్కీము 3(కె). నాయనమ్మ వైద్యం 3(పి). మందుకు కొత్త రూపమిచ్చి, రోగికి గుణం పెరగకుండా ధర పెంచితే 3(డి). దీని మీదే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నొవార్టిస్ అనే స్విస్ కంపెనీ క్యాన్సర్ మందు గ్లివెక్‌కు పేటెంట్ కాదంది. ఎదురు నిలిచినవాళ్లలో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది. ఆ తేదీ చూసి స్విట్జర్లాండ్ వాళ్లు మొదట నమ్మి ఉండరు.

ఇందాకటి గొడుగు మీది ఫ్యాను అంటే గుర్తొచ్చింది. మన దేశంలో మొట్టమొదటి పేటెంట్ హక్కు 1856లో కలకత్తాలో డిపెన్నింగ్ అనే ఇంజినీరుకు దక్కింది, పంకా లాగే యంత్రానికి. అది వచ్చిన నలభై ఏళ్లకు మన బేగంపేటలో ఓ దొర పంకా వద్దన్నాడు. గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయని! చెమటలు కక్కుతూ, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమల్ని కోస్తూ, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. కుట్టించుకున్నందుకు ఖాన్‌గారికి దోమకు అణా చొప్పున ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది.

అదే రాస్ ఇవాళ దరఖాస్తు పెడితే? తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై గిండీ ఆఫీసుకు పోతాయి. ఎగ్జామినర్ చాలా మర్యాదగా 3(సి) చూపిస్తాడు: ప్రకృతిలో ఉన్నదాన్ని ఉన్నదని కనుక్కోవడం ఆవిష్కరణ కాదు. దోమలో క్రిమి రాస్ పుట్టకముందూ ఉంది. కాబట్టి సికింద్రాబాద్ గడ్డ మీద జరిగిన అతి గొప్ప పనికి పేటెంట్ రాదు. దోమల బ్యాట్‌లో పనికొచ్చే మార్పు చేసినవాడికి రావచ్చు. నాకైతే ఈ చట్టం సబబుగానే అనిపిస్తుంది. క్రిమి మీద ఇరవై ఏళ్ల గుత్తాధిపత్యం ఇస్తే మలేరియా పరీక్షలు అమ్మడానికి కూడా లైసెన్సు కొనాల్సి వచ్చేదేమో. రాస్‌కు మాత్రం సబబు అనిపించలేదు. మశూచి టీకాకు జెన్నర్‌కు బ్రిటిష్ పార్లమెంటు 30 వేల పౌండ్లు ఇచ్చింది కదా, నా సంగతేమిటని అడిగాడు. ఎవరూ పలకలేదు. చివరికి 1928లో తన కాగితాలన్నీ 2,000 పౌండ్లకు అమ్ముకున్నాడు.

ఇక నిజంగా పేటెంట్ దక్కినాయన కథ వినండి, ఈయనకు బస్సు వెనక ఫొటో లేదు. ఆలేరు దగ్గర చేనేత కుటుంబంలో పుట్టి, బడి మధ్యలో మానేసిన చింతకింది మల్లేశం. పోచంపల్లి చీరకు ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా గుచ్చిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ, చీరకు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. అమ్మ లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక యంత్రం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి అప్పులు చేశాడు, జనం నవ్వారు. 1999లో బాలానగర్‌లో కరెంటు పనికి వెళ్లినప్పుడు ఓ యంత్రం కదలిక చూసి, తనకు చిక్కని ముడి విప్పుకున్నాడు. గంటల పని గంటన్నరకు దిగింది. లక్ష్మీ ఆసు యంత్రానికి పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ కూడా. గమనించండి, ఆసు పోయడం తాతల నాటి విద్య, దానికెవరూ హక్కు అడగలేరు. ఆ చేతి ఆటను చెయ్యి లేకుండా ఆడించిన యంత్రం మాత్రం అంతకుముందు లేదు. దరఖాస్తు మీద ఒక్కడే ఆవిష్కర్త, సీట్లు అమ్మడం అప్పటికి తెలియదు పాపం.

ఈ కథ మా ప్రొఫెసర్‌గారికి చెప్తే తలూపి, "మా చైర్మన్ సార్‌తో మంజూరు సంగతి ఎత్తానండీ మొన్న" అన్నారు.

"ఏమన్నారు?"

"పరీక్షించమని మనమే ఫారం-18 పెట్టి, 4,000 కట్టాలి సార్, 31 నెలల్లోపు అడక్కపోతే దరఖాస్తు పోయినట్టే అని చెప్పాను. 'పరీక్ష రాసి తప్పడానికి ఫీజు కట్టేది పిల్లలయ్యా, మనం కాదు' అన్నారు."

"పాసైతేనో?"

"అదే ఆయన భయం. మంజూరైతే మూడో ఏడాది నుంచి రెన్యువల్ ఫీజు, ఇరవై ఏళ్లదాకా పెరుగుతూ పోతుంది. పైగా ఆ గొడుగు దేశంలో ఎక్కడైనా వాడుతున్నారా లేదా అని ఫారం-27లో సర్కారుకు చెప్పాలి. 'అది మనమే వాడటం లేదు కదయ్యా' అన్నారు."

"మరి గొడుగు సంగతి?"

"వదిలేశామండీ, మార్కులు వచ్చేశాయిగా. ఇప్పుడు స్మార్ట్ చెప్పులు వేస్తున్నాం. మూడో పేరు నాదే."